కమ్మీ కింద మామ వేలు

నా చిన్నప్పుడు కోయంబత్తూరులో మా వీధి మగవాళ్లు షిఫ్టు దిగి నేరుగా ఇంటికి వచ్చేవారు కాదు. మిల్లు సంగు, అదే సైరను, ఊదగానే సగంమంది మా మామ కసరత్తు కొట్టానికి చేరేవారు. అది రేకుల కొట్టం. మిల్లులో అరిగిపోయి పారేసిన పుల్లీ చక్రాలను ఇనుప కమ్మీకి రెండు కొసలా తొడిగితే అదే మా బరువు. మామ ఆ మిల్లులోనే ఫిట్టరు. కొట్టంలో అందరికీ మాస్టరు. ఊపిరి ఎప్పుడు పట్టాలో, నడుము పట్టేయకుండా తొడల బలంతో ఎలా లేవాలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. తన కసరత్తుకు ఆయనకు పొద్దు మిగిలేది కాదు.

ఒక ఏడు మా పక్కింటి అన్నకు విషజ్వరం వచ్చింది. మంచం దిగేసరికి మనిషి సగమయ్యాడు. చాపలా చుట్టిన దూది చుట్టలను భుజానికెత్తి మిషను దగ్గరకు మోయడం ఆయన పని. చుట్ట ఎత్తగలిగిన రోజున రమ్మని మేస్త్రీ వెనక్కి పంపేశాడు. ఇంట్లో చంటిబిడ్డ. అన్న మామ దగ్గరికి వచ్చాడు.

మామ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, కమ్మీని తలపైకి ఎత్తమని, తను వెనక నిలబడేవాడు. మొదట్లో కమ్మీ కింద మామ అరచేతులు రెండూ ఉండేవి. కొన్నాళ్లకు రెండు వేళ్లు. తరువాత ఒకే వేలు. ముందుకు చూస్తూ ఎత్తే అన్నకు అది తెలిసేది కాదు. "నువ్వే ఎత్తితివి. నేను సుమ్మా, ఊరికే నిలబడితిని, ముట్టనే లేదు" అనేవాడు మామ. అన్న ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగి వస్తూ ఉండేది.

అంతకుముందు ఆ సాయంత్రాలు నావి. మామ చెయ్యి నా వీపు మీద ఉండేది. ఇప్పుడైతే దాన్ని అసూయ అంటాను. అప్పుడు అది కడుపులో మంట, అంతే.

ఒక సాయంత్రం మిల్లు చుట్టంత బరువు వేశారు. అన్న ఎత్తాడు. తలపైన నిలిపి, తొణక్కుండా దించాడు. మరునాడే మిల్లుకు పోతానన్నాడు. ఆ సంతోషంలో, చిన్న కమ్మీతో తంటాలు పడుతున్న నన్ను చూసి, "ఏమి తంబీ, మీ అమ్మ ఇడ్లీ పెట్టలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు.

"నువ్వేం ఎత్తలేదు అన్నా. మామ వేలు పెట్టి ఎత్తినాడు. దినమూ అంతే" అన్నాను.

అన్న వెనక్కి తిరిగాడు. "నిజమా మాస్టర్?"

నిన్నటి దాకా అది నిజమే. అందుకే మామ కాదనకుండా తన వేలి వైపు చూసుకున్నాడు. అన్న చొక్కా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

దారిలో మామ నన్ను కొట్టలేదు. "ఈపొద్దు నేను ముట్టలేదురా. వేలు కింద ఉండె, కమ్మీకి తగల్లేదు" అని మాత్రం అన్నాడు. నన్ను తీసుకుని నేరుగా వాళ్ల గడప దగ్గరకు వెళ్లి అదే చెప్పాడు.

"ఇన్నాళ్లూ ముట్టలేదనే చెప్తివి మాస్టర్," అన్నాడు అన్న. ఆ గొంతులో కోపం కూడా లేదు.

వేలు తగిలిందో లేదో నేను చూడలేదని, కుళ్లుతో అన్నానని అక్కడే చెప్పి ఉండవచ్చు. మామ వెనక నక్కి నిలబడ్డాను.

మామ బతిమాలితే అన్న మరునాడు వచ్చాడు. ఈసారి మామ దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కమ్మీ అన్న భుజం దాటలేదు. అదే కమ్మీ, అవే చక్రాలు. ఆ నెలలోనే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి, భార్య వైపు వాళ్ల దగ్గరకు, చిన్నమనూరు ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లిపోయారు. బండిలో సామాను ఎక్కిస్తుంటే నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. మామ ఆ తరువాత ఎవరి వెనకా నిలబడలేదు.

ఇప్పుడు నేనే ముసలివాణ్ణి. నేర్చుకునేవాళ్ల వెనక నేను నిలబడతాను, వేలు పెడతాను, పెట్టలేదని చెప్పను. వాళ్లు సొంతంగా ఎత్తగలిగే రోజు వస్తే వెనక నుంచి వచ్చి వాళ్ల ఎదుట నిలబడి, నా రెండు చేతులూ కనబడేలా చాచి పెడతాను. కమ్మీ పైకి లేస్తుంది. వాళ్లు నవ్వుతారు. ఆ ముఖం ప్రతిసారీ నాకు పక్కింటి అన్న ముఖంలాగే ఉంటుంది, నేను నోరు తెరవకముందు ఉన్నట్టు.