అప్పన్న చెప్పిన గుంట

పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా క్వాలిటీ చూస్తున్నాను. అనుమానించడమే నా ఉద్యోగం. మాత్ర తెల్లగా ఉంటే ఎందుకింత తెల్లగా ఉందని అడగాలి. ఆ మందుల ఘాటుకు అలవాటుపడ్డ ముక్కుకు ఒక్కపూటైనా అడవి వాసన చూపిద్దామని మా ఆయన నర్సింలుతో బీరంగూడ నుంచి అండమాన్ వెళ్లాను.

పొద్దున ఆరింటికి పోర్ట్ బ్లెయిర్‌లో ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున ఆటో మాట్లాడుకుంటే ఏడు లోపే అడవి గేటు చేరొచ్చు. పూట నడకకు గైడు ఇద్దరికీ కలిపి పన్నెండు వందలు తీసుకున్నాడు. పేరు అప్పన్న. తెలుగువాడే, తాతల కాలంలో సిక్కోలు, అంటే శ్రీకాకుళం, నుంచి వచ్చారట. అయినా అతని గుర్తింపు కార్డు అడిగి, ముందూ వెనకా తిప్పి చదివాను. పాపం, నవ్వుతూనే ఇచ్చాడు.

“ఏ ఊరండీ మీది?” అన్నాడు. పటాన్‌చెరు దగ్గరని చెప్పగానే మొహం మారింది. “పటాన్‌చెరా? నిజంగానా?” అని మళ్లీ అడిగి, పక్కకెళ్లి ఫోన్ చేశాడు. చివరి మాట మాకు వినపడింది. “ఇద్దరే ఉన్నారు. మద్దినేలకి గుంట కాడికి తోలుకొత్తాను.”

నర్సింలు నా చెయ్యి పట్టుకున్నాడు. “గుంట అంటుండేందే?”

అడవి అందంగానే ఉంది. గర్జన్ చెట్ల మొదళ్లు గోడల్లా లేచి ఉన్నాయి, వాన ఆగినా ఆకులు కారుతూనే ఉన్నాయి. కాలికి పట్టిన జలగల మీద అప్పన్న ఉప్పు చల్లి వదిలించాడు. నేను మాత్రం చెట్ల కన్నా అతని వీపునే ఎక్కువ చూశాను. పదిన్నరకు దారి రెండుగా చీలింది. గేటు దగ్గర ఇచ్చిన పటంలో ఉన్నది కుడి దారి. అతను ఎడమకు తిరిగి, “ఇటు రండి, అరగంటే” అన్నాడు.

నర్సింలు ఆగిపోయాడు. “ఏందన్నా, గుంటకాడికి అంటివి. మమ్మల్ని గుంటల బొంద పెడ్తవా ఏంది?”

అప్పన్న నవ్వి నవ్వి తడి నేల మీదే కూలబడ్డాడు. “మా సిక్కోలోళ్లకి గుంటంటే ఆడపిల్లండీ, మా పాప! మా గౌరి! మీ ఊర్లో ఉద్యోగమొచ్చింది దానికి. ఎల్లుండే ఓడ. ఆ కాయితం జెర సూసిపెడతారని...” పొద్దున్నుంచీ నర్సింలు మాటిమాటికీ అంటున్న ‘జెర’ అతని నోట విని నాకూ నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

ఎడమ దారి వాళ్ల టీకొట్టు దగ్గర తేలింది. గౌరికి పందొమ్మిదేళ్లుంటాయి. టీ ఇచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసింది. ఇంటర్వ్యూ లేకుండా క్వాలిటీలో ఉద్యోగం. చిరునామా మా వైపే ఉన్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడి ఎదుట, ఎనిమిది అంతస్తుల కంపెనీ. ఆ గుడిలో భవానీ అమ్మవారికి నేను ఏటా ఒడిబియ్యం పోస్తాను. అక్కడ అలాంటి కంపెనీ లేదు.

“వెళ్లొద్దమ్మా, ఇది మోసం” అన్నాను. గౌరి కాగితాన్ని మడిచి, కళ్లు తుడుచుకుని నన్ను చూసింది. “మీరు మాత్రం అక్కడోళ్లేనని ఎలా నమ్మాలి?”

అప్పన్న కసిరాడు. నేను వద్దన్నాను. పర్సులోంచి ఫ్యాక్టరీ కార్డు తీసి ఇచ్చాను. ముందూ వెనకా తిప్పి నిదానంగా చదివింది.

పొద్దున్నుంచీ ఒక తండ్రిని అనుమానించాను. ఆయన చెప్పిన దారిన నడవకపోయి ఉంటే ఎల్లుండి ఆ పిల్ల ఓడెక్కేది. నా అనుమానం తప్పని అనను. దాన్ని ఒక్క మాట అడిగి తీర్చుకోకపోవడం తప్పు. వెళ్లేవాళ్లకు ఒక సలహా: జలగలకు ఉప్పుతో పాటు మీ గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి. గైడును కార్డు అడిగే ముందు, మీది చూపించండి.