కొత్త బండికి ఎదురు రాకూడదని

1979 జూన్‌లో నేను చిత్తూరు జిల్లాలోని ఒక పురపాలక సంఘంలో ఓవర్సీరుగా చేరాను. ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే టీచరమ్మగారి బంధువులు అక్కడ ఇంకా ఉన్నారు. రోడ్లు, కాలువలతోపాటు మున్సిపల్ పార్కు కూడా నా సెక్షన్ కిందికే వచ్చేది. పార్కు అంటే పూలమొక్కల పని అనుకుంటారు గానీ, అందులో సగం గేటు పనే.

ఆ పార్కుకు రెండు గేట్లు. మనిషి ఒక్కడు మాత్రమే పట్టే తిరుగుడు గేటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. బండ్లు పట్టే పెద్ద గేటుకు గొలుసు, తాళం. నీళ్ల లారీకి, చెత్త ట్రాక్టరుకు తప్ప దాన్ని తీయకూడదు. అదీ నడకకు వచ్చేవాళ్లు వెళ్లిపోయాక, పది గంటలు దాటాకే. లోపల ఏ బండి కదలాలన్నా వాచ్‌మన్ ఎర్రజెండాతో దాని ముందు నిలబడాలి. ముందూ వెనకా మనుషుల్ని తప్పించి అతను జెండా దించాకే డ్రైవరు బండి తీయాలి. ఎవరి అనుమతితో ఏ బండి వచ్చిందో గేటు రిజిస్టర్‌లో రాయాలి. ఇవన్నీ నాకంటే ముందు పనిచేసినవాళ్లు పెట్టిన నియమాలు. వాళ్లు నాకన్నా బుద్ధిమంతులు.

వాచ్‌మన్ పేరు మునెయ్య. యాభై ఏళ్లుంటాయి. పర్మినెంటు కాదు, మస్టర్ రోల్ మనిషి. అంటే హాజరుపట్టీలో పేరున్నన్నాళ్లే ఉద్యోగం, కొట్టేస్తే ఇంటికే. సంతకం తప్ప చదువు రాదు. అందుకని రోజూ నడకకు వచ్చే ఒక రిటైరైన టీచరమ్మ అతనికి రిజిస్టరు రాసిపెట్టేది. భర్త పోయి చాలా ఏళ్లయిన మనిషి, ఎవరి జోలికీ పోయేది కాదు.

పార్కు లోపల, పెద్ద గేటుకు ఎదురుగా చిన్న వినాయకుడి గుడి ఉంది. ఊళ్లో ఎవరు బండి కొన్నా మొదటి పూజ ఆ స్వామికే. బండిని గేటు బయట రోడ్డు మీద నిలిపి, పూజారిని అక్కడికే పిలిపించుకునేవారు. శుక్రవారం వస్తే రోడ్డు మూసుకుపోయి బస్సులు ఆగిపోయేవి. శుక్రవారాలు బండ్లను లోపలికి వదిలితే ఈ పీడ పోతుంది కదా అని ఒక కౌన్సిలరు నాతో అన్నాడు. నాకూ బాగానే తోచింది. కొత్తగా చేరినవాణ్ణి, నలుగురిలో మంచివాడనిపించుకోవాలని ఒకటే ఉబలాటం. మునెయ్యను పిలిచి గేటు తీయమన్నాను.

చీటీ ఏమన్నా రాసిస్తారా అని అతను నెమ్మదిగా అడిగాడు. నేను చెబితే చాలదా అని కసిరాను. మళ్లీ అడగలేదు. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం రిజిస్టర్‌లో ‘ఓవర్సీరుగారి నోటిమాట మీద’ అని టీచరమ్మ చేత రాయించుకున్నాడు. ముహూర్తాలు మా టైము చూసుకుని రావు కాబట్టి, పది గంటల నియమం కూడా నెల తిరిగేసరికి గాల్లో కలిసిపోయింది.

రెండు నెలల తర్వాత మునెయ్య ఇంకో చిక్కుతో వచ్చాడు. పూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కిస్తూ బండిని ముందుకు కదిలిస్తారు. ఆ మొదటి కదలికకు ఎవరూ ఎదురు రాకూడదని పట్టింపు.

“ఎర్రగుడ్డ పట్టుకోని కొత్త బండికి ఎదురొస్తావా అని తిడతా ఉండారు సార్. ఏం సేసేది?” అన్నాడు.

నిమ్మకాయలు తొక్కేంతసేపు పక్కకు జరగవయ్యా, ఏం మునిగిపోతుంది అన్నాను, ఫైలులోంచి తలెత్తకుండానే. ఆ మాట మా ఇద్దరి మధ్యే జరిగింది. రిజిస్టర్‌లోకి ఎక్కలేదు.

కార్తీకమాసంలో ఒక శుక్రవారం ఉదయం బెల్లం మండీ యజమాని ఒకాయన కొత్త వ్యాను తెచ్చాడు. డ్రైవరు దాన్ని కొంచెం వెనక్కి తీసి, ముందు చక్రాలను నిమ్మకాయల దగ్గర సరిచూసి, ఇంజను ఆపి దిగాడు. గేరు రివర్సులోనే ఉండిపోయింది. మొదటిసారి కదిపేది యజమాని చెయ్యే అయ్యుండాలని మా వైపు పట్టుదల. ఆయనకు అరవై ఏళ్లు. అంతకుముందు స్టీరింగు ముట్టి ఎరగడు. డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి ఏ కాలు దేని మీద పెట్టాలో చెబుతున్నాడు.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ నడుస్తూ అటు వచ్చింది. భర్తలేని మనిషి శుభానికి ఎదురైతే జనం ఏమంటారో ఆమెకు తెలియంది కాదు. ఎవరి చేతా అనిపించుకోకుండా తనంతట తానే దారి వదిలి, బండి వెనక్కి వెళ్లి, అక్కడి రాతిబల్ల ముందు నిలబడింది. నేను చెప్పినట్టే మునెయ్య పక్కకు జరిగి ఉన్నాడు. అక్కణ్ణుంచి అతనికి వ్యాను వెనక భాగం కనిపించదు. యజమాని క్లచ్చి వదిలాడు. బండి వెనక్కి పోయింది.

కబురు విని నేను పరుగెత్తేసరికి ఆమెను బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. బండికీ రాతికీ మధ్య నడుము నలిగిపోయింది. కాలు విరిగినట్టుంది, పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దామని ఎవరో అంటున్నారు. వేరే బండి లేక, పూలదండలు కూడా తీయకుండా అదే వ్యానులో తిరుపతి పెద్దాసుపత్రికి బయల్దేరదీశాం. ఆమె దారిలోనే పోయింది.

యజమాని మీద పోలీసు కేసు వేరే నడిచింది. మా ఆఫీసులో నాలుగో రోజు కమిషనరుగారి విచారణ. గేటు తీయమన్నది నేనేనని సంజాయిషీలో రాశాను. నిజాయితీపరుడని తోటివాళ్లు మెచ్చుకున్నారు. వారం వారం టీచరమ్మ చేతిరాతలో ఉన్నదాన్ని కాదనడం ఎవరి తరం? రాతలో లేనిది జెండా సంగతి ఒక్కటే. మునెయ్య ఉద్యోగం దాని మీదే ఆగి ఉంది.

జెండా పట్టుకుని ముందుండి మనుషుల్ని తప్పించాల్సినవాడివి పక్కన ఏం చేస్తున్నావని కమిషనరు అడిగాడు. సారే పక్కకు జరగమన్నారని మునెయ్య ఉన్నమాట చెప్పాడు. కమిషనరు నావైపు తిరిగాడు. అవునంటే నా సర్వీసు ఏమవుతుందో కళ్లముందు కనబడింది.

“కాపలా మానెయ్యమని నేను అనలేదు సార్,” అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఇన్నేళ్లలో ఎప్పుడో ఒప్పుకుని తేలికపడేవాణ్ణి. మునెయ్య కాసేపు నన్నే చూశాడు. నేను ఇంకా ఏదైనా చెబుతానేమోనని ఆగినట్టున్నాడు. నేను బల్ల మీదున్న గేటు రిజిస్టరు వైపు చూపు తిప్పుకున్నాను.

“అవున్సార్. జెండా నా సేతిలోనే ఉండింది,” అన్నాడు కమిషనరుతో, తప్పు తనదేనన్నట్టు.

మర్నాడు మస్టర్ రోల్‌లో అతని పేరు కొట్టేశారు. పర్మినెంటు ఉద్యోగినైన నాకు మందలింపు ఒకటి సర్వీసు రిజిస్టర్‌లో పడింది. రెండేళ్లకు ప్రమోషన్ రానే వచ్చింది. పెద్ద గేటు దగ్గర రాతి స్తంభాలు నాటించి, నీళ్ల లారీ కోసం తీసే వీలున్న ఒక్కదానికి తాళం వేయించాను. పూజలు మళ్లీ రోడ్డు మీదికే పోయాయి. మునెయ్య రేణిగుంటలో గోడౌన్ల దగ్గర మూటలు మోస్తున్నాడని విన్నాను. బస్సెక్కితే గంట ప్రయాణం. నేను వెళ్లలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎంత చిన్న ఆదేశమైనా కాగితం మీద పెట్టి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాను. కిందివాళ్లు చాదస్తమని విసుక్కున్నారు, పైవాళ్లు పద్ధతిగల మనిషన్నారు. బండి కదిలేచోట కాపలా మనిషిని పక్కకు జరగమనే అధికారం ఓవర్సీరుకు లేదు, కమిషనరుకూ లేదు. కొత్తగా చేరిన ప్రతి ఓవర్సీరుకూ ఇది చెప్పాను. పొరపాటున జరగమని ఉంటే, విచారణలో అడిగినప్పుడు అవును, నేనే జరగమన్నాను అనాలని కూడా చెప్పాను. నా విచారణలో నేను అలా అన్నానా అని వాళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు.