బెల్టు లేని పసుపు డ్రమ్ము

మీ ఇంట్లో ఆడమనిషి గుండె దడగా ఉందంటే మీరేం చేస్తారు? మంచినీళ్లిచ్చి కాసేపు పడుకోమంటారా?

దయ్యాలు, పూనకాలు లేవని ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో సభలు పెట్టి వాదించినవాణ్ణి నేను. ఇప్పటికీ అదే అంటాను. అయినా ఈ సంగతి దాచిపెడితే అబద్ధమాడినట్టే.

మా అక్క గంగమణిది అంకాపూర్ దగ్గర పసుపు సేద్యం. ఏళ్లుగా ఆమెకు ఉన్నట్టుండి గుండె గబగబా కొట్టుకునేది, కళ్లు తిరిగేవి. అత్తగారు తాయెత్తు కట్టించింది. నేను పోట్లాడి దాన్ని తెంపించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బీపీ చూసి, టెన్షన్ అని నిద్రమాత్రలు రాశాడు. ఇంకో డాక్టరు, ఈ వయసు ఆడవాళ్లకు మామూలే అన్నాడు. ఈసీజీ మాట ఎవరూ ఎత్తలేదు.

పోయిన ఏడాది బావకూ అదే దడ వచ్చింది. మొదటి రోజే ఈసీజీ తీశారు. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్‌లో కాలి నరం గుండా గుండెలోకి సన్నటి తీగ పంపి నయం చేశారు. ఆయన్ని చూసొచ్చి అక్క నవ్వుతూనే అడిగింది.

"మీ బావకు దడొస్తె గుండె జబ్బు, నాకొస్తె టెన్షనా తమ్మీ? సభలల్ల మస్తు మాట్లాడ్తవు గదా, గిది జర చెప్పు."



ఈ ఏడు అక్కవాళ్ల పసుపు ఉడకబెట్టి ఎండబెట్టాక, కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము బెల్టు తెగింది. కొత్తది తెద్దామని పాత బెల్టు బండి హ్యాండిల్‌కు తగిలించుకుని మిట్టమధ్యాహ్నం ఆర్మూర్‌కు బయలుదేరాను. చేను దాటకముందే వెనక డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు. కొమ్ములు రేకుకు కొట్టుకునే ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఎప్పటిలా సాఫీగా లేదు, ఉరుకుతోంది. బెల్టు నా దగ్గరుంటే అదెలా తిరుగుతుంది? బండి వెనక్కి తిప్పాను.

డ్రమ్ము కదలడం లేదు. దాని వెనక, బస్తాల పక్కన అక్క పడి ఉంది.

కూలీలు అన్నం తినడానికి దూరంగా పోయారు. వాళ్లకు ఏ చప్పుడూ వినబడలేదట. అక్క మణికట్టు పట్టుకున్నాను. నేను విన్న ఉరుకుడే నా వేళ్ల కింద ఉంది.

దడ ఆగకముందే దవాఖానలో ఈసీజీ తీయించాను. బావకున్న జబ్బే. ఇంకా ముందే తేవలసింది కదా అన్నాడు అక్కడి డాక్టరు. అక్క మంచం మీంచే, "ఎన్నిసార్లు తెచ్చిండో అడుగుండ్రి సార్" అన్నది.

ఇప్పుడామెకూ నయమైంది.

ఆ చేను దగ్గర్లో ఇంకో డ్రమ్ము లేదు, ట్రాక్టరు లేదు. విచారించాను. నా చెవుల భ్రమే అనుకుందామన్నా, సరిగ్గా అప్పుడే ఎందుకు కలిగిందో చెప్పలేను. దేవత మహిమ అంటే మాత్రం ఒప్పుకోను. తెలియదు, అంతే.

కానీ బావకు మొదటి రోజే తీసిన ఈసీజీ అక్కకు ఇన్నేళ్లూ ఎందుకు తీయలేదో నాకు తెలుసు. అందులో మాయ ఏమీ లేదు. నాకు వినబడినట్టు మీ వెనక ఏ చప్పుడూ వినబడదు. మీ ఇంటి ఆడమనిషి దడ అన్నప్పుడు, అది తగ్గేదాకా ఆగకండి, తగ్గాక తీస్తే ఈసీజీలో దొరకకపోవచ్చు. వెంటనే తీసుకుపోండి. డాక్టరు టెన్షన్ అని పంపించబోతే, ఈసీజీ తీసేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.