వెనక్కి నడిచిన రైలు

పోయిన శనివారం కోసిగి స్టేషన్లో నేను వానను ఆకాశంలోకి తిప్పి పంపించాను. పగిలిన జాడీని అతికించాను. రైలును వెనక్కి నడిపించాను. ఇన్ని చేసినవాణ్ని, మరుసటి రోజు ఒక కూలీల మేస్త్రీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మన పఠన మండలిలో ఇప్పటికే నాకు ఒక కొత్త పేరు పెట్టారని తెలుసు. పెట్టినవాళ్లకు అసలు సంగతి సగమే తెలుసు. మిగతా సగం నేనే చెబుతాను.

కర్నూల్లో గాజు సామాన్ల అంగడి శెట్టిగారు మీకందరికీ తెలిసినవారే. మన మండలికి చందా అడుగుదామని పోయాను. అప్పుడే జపాను కప్పుల పెట్టె ఒకటి విప్పుతున్నారు. కప్పుల మధ్య గడ్డి, కాగితాలు కూరి ఉన్నాయి.

"చందా అయితే లేదప్పా. చదివేటోళ్లు గదా మీరు, ఈ కాగితాలు ఎత్తుకపోండి" అన్నారు శెట్టిగారు.

వర్తక వర్గం మీద నాలుగు మాటలు అంటించి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఆ కాగితాల్లో ఒక పలచటి పుస్తకం కనబడింది. పిల్లల పత్రిక. ఒక్కో పేజీకి ఒకే వరుసలో నాలుగైదు నిలువు బొమ్మలు. అక్షరం ఒక్కటి తెలియదు. అయినా అంగడి మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయాను. శెట్టిగారు రెండుసార్లు "దారి ఇడువప్పా" అన్నా లేవలేదు.

ఆ బొమ్మల్లో ఒక చిన్న పిల్ల ఉంది. ఒక బొమ్మలో ఆమె జడ కాస్త లేచి ఉంటుంది, పక్క బొమ్మలో ఇంకాస్త, ఆ పక్కదానిలో గాలిలో తేలుతుంది. పేజీ మీద నిశ్చలంగా ఉన్న సిరాకు ఊపిరి ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు. అట్ట లోపల గీసినాయన ఫొటో ఉంది. అద్దం పరిచిన బల్ల మీద వంగి ఏదో గీస్తున్నాడు. పక్కన కాగితాల దొంతర. నెత్తిమీద కిందికి చూస్తున్న కెమెరా.

సినిమా హాల్లో మిషను ఆపరేటరు, నా స్నేహితుడు ఓబులేసుకు చూపించాను.

"ఈయప్ప బొమ్మలు గీసి సినిమా తీసే రకం. చెయ్యి ఎత్తల్లంటే పది బొమ్మలు గీయల్ల" అని ఒక తెగిన రీలు ముక్కను వెలుతురుకు పెట్టి చూపించాడు. "అయితే పుస్తకంలో గూడా బొమ్మల్ని ఇట్ల నడిపించినోణ్ణి నేను ఇంతవరకు చూల్లేదు. ఈ దారి మొదట తొక్కినోళ్లలో ఒకడై ఉంటాడు."

ఫొటో కింద నాలుగు అక్షరాలు ఉన్నాయి. ఆయన పేరే అయి ఉండాలి. ఆ నాలుగింటినీ నోటుబుక్కు నిండా రాసుకున్నాను. ఎట్లా పలకాలో తెలియదు. ఆయనకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం కూడా రాశాను. పేరు లేదు, అడ్రసు లేదు, ఉత్తరం మాత్రం ఏడు పేజీలు. అది ఇప్పటికీ నా చొక్కా జేబులో ఉంది. ఎక్కడో సముద్రం అవతల, యుద్ధంలో కాలిపోయిన దేశంలో, ఒక మనిషి బల్ల మీద వంగి పిల్ల జడను గాలిలో తేలుస్తున్నాడు. ఆయన పక్కన కూర్చుని ఆ దొంతరలో ఒక్క కాగితం అందించే భాగ్యం దొరికితే చాలని ఎన్నో మధ్యాహ్నాలు అనుకున్నాను. ఉపన్యాసాల్లో నేను ఇట్లాంటివి చెప్పను.

ఇక కథ సంగతి. నేను చదివిన ప్రకారం, మొదట తండ్రీ కూతురూ దీపం దగ్గర కూర్చుని అన్నం తింటూ నవ్వుతుంటారు. తర్వాత తండ్రి పిల్లను విడిచి, మూట పట్టుకుని కొండ దిగి, వానలో స్టేషనుకు చేరి రైలెక్కుతాడు. చివరి పేజీలో రైలు దూరమైపోతుంది, పైన పెద్ద అక్షరాలు. సమాప్తం అన్నమాట.

చూడగానే నాకు కోసిగి గుర్తొచ్చింది. వాన తప్పిన ప్రతి ఏడూ అక్కడి జనం ముఠాలు ముఠాలుగా రైలెక్కి బొంబాయి పక్కకు రాళ్ల పనికి పోతారు. వాళ్లలో మా ఇంటి చేలల్లో కోత కోసినవాళ్లూ ఉంటారు. అందుకే ఈ విషయంలో నా కోపం సగం నా మీదే. ఈ కథను వాళ్లకు చూపించాలి, ఒక్క మనిషినైనా రైలెక్కకుండా ఆపాలి, ఇక్కడే పని ఇమ్మని అడిగేటట్టు చేయాలి. అదే నా పట్టుదల.

రెండు నెలలు కూర్చుని బొమ్మలన్నీ పెద్దవిగా గీసి, వరుసగా గుడ్డ మీద అంటించాను. ఓబులేసు ఒక సబ్బుల పెట్టెకు కిటికీ కోసి, లోపల రెండు కర్రలు బిగించి, ఇనుప పిడి పెట్టాడు. పిడి తిప్పితే గుడ్డ ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు చుట్టుకుంటుంది, కిటికీలో బొమ్మలు నడుస్తాయి.

మొదటిసారి తిప్పి చూసి ఓబులేసు గడ్డం గోక్కున్నాడు. "ఏమప్పా, పగిలిన జాడీ పెంకులు లేసి అతుక్కుంటాండాయే?"

"అది ప్రతీక. చెదిరిన ప్రజలు ఏకమవుతున్నారు."

"వాన మీదికి పోతాండాది?"

"కరువు."

"రైలు ఎనక్కి..."

"ఓబులేసూ, నీకు సింబాలిజం తెలియదు" అన్నాను. వాడు పిడికి నూనె పెట్టాడు.

శనివారం పొద్దున్నే ఆదోని మీదుగా కోసిగి చేరాను. ప్లాట్‌ఫారం మీద ముఠా ఒకటి మూటలతో కూర్చుని ఉంది. రైలుకు ఇంకా గంటన్నర ఉంది. టీ అంగడి ఖాదర్ సాయిబు తన బల్ల ఒకటి ఇచ్చాడు. పెట్టె దాని మీద పెట్టగానే అందరికంటే ముందు ఒకామె ఆరేళ్ల కూతుర్ని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పేరు ఈరమ్మ. పిల్ల నాగి. మొగుడు రెండేండ్ల కిందట రాళ్ల పనికి పోయాడట. మొదట్లో కార్డులు వచ్చేవి, తర్వాత అవీ లేవు. ఇప్పుడు ఈ ముఠా మేస్త్రీతో పోతే పనీ దొరుకుతుంది, మనిషీ దొరుకుతాడేమోనని బయలుదేరింది.

"పోవద్దమ్మా. ఇక్కడే ఉండి పని అడగాలి" అన్నాను.

"అడిగేదాంకా ఏం తినల్లప్పా?" అంది. తగవుకు కాదు, నిజంగానే అడిగింది. జవాబుగా నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

శ్రమ, దోపిడీ, చైతన్యం, అన్నీ వరుసగా వచ్చాయి. గొంతు బాగా లేచాక, "చరిత్ర చక్రాన్ని ఎవడూ వెనక్కి తిప్పలేడు" అంటూ పిడి తిప్పాను.

మొదట దీపం దగ్గర నవ్వులు బాగానే సాగాయి. తర్వాత తండ్రీ కూతుళ్లు విడిపోయి, పిల్ల వీపు చూపకుండా వెనక్కి వెనక్కి పరుగెత్తింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. జాడీ పెంకులు లేచి అతుక్కున్నాయి. నాగి చప్పట్లు కొట్టింది. తండ్రి వెనక్కి నడుస్తూ కొండ దిగాడు.

"యాడన్నా పడతాడప్పా, ఎనక చూసుకోమని చెప్పు" అన్నాడు ఒకడు.

వాన నేలనుంచి లేచి మబ్బుల్లోకి పోయింది. ముసలాయన ఒకాయన మాత్రం నవ్వలేదు. "అది నిజమేలే. మూడేండ్లుగా మా ఊర్లో అదే చూస్తాండాం" అన్నాడు. దాంతో నవ్వనివాళ్లు కూడా నవ్వారు.

చివరికి రైలు. వీళ్లు ఏటా రైలెక్కి దిగేవాళ్లు. పొగ ముందుకు, ఇంజను వెనక్కి పోతుంటే ఊరుకుంటారా?

"ఏమి సామీ, డ్రైవరు ఏమన్నా మర్సిపోయి వచ్చినాడా?"

నా చెవులు కాలిపోతున్నాయి. అప్పటికే ఖాదర్ సాయిబు బల్ల మీద ఉన్న నా జపాను పుస్తకం తీసుకుని, తన ఉర్దూ పేపరు మీద పరుచుకుని చూస్తున్నాడు. ఆయన నవ్వలేదు. పేజీ తర్వాత పేజీ తిప్పి, ఆఖరున కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బేటా, నువ్వు దీన్ని యాడ మొదలుపెట్టినావు?"

"మొదటి పేజీ నుంచే, చాచా."

"అది చివరి పేజీ. మా కితాబు మాదిరి కుడిపక్క నుంచి తెరిచి చూడు. నువ్వు తోక పట్టుకోని ఈడుస్తాండావు."

"మీకు జపాను భాష వచ్చా?"

"రాదు. అయితే మనిషి ముందుకు నడిచేది యా భాషలో అయినా తెలుస్తాది గదా."

జీవితంలో అన్నీ ఎడమనుంచే మొదలవుతాయని నమ్మినవాణ్ని. ఆ పుస్తకం తీసుకుని కుడివైపు నుంచి చూశాను. నేను సమాప్తం అనుకున్నది కథ పేరు. రైలు వచ్చి ఆగుతుంది. తండ్రి మూటతో దిగుతాడు. వాన కురుస్తుంది. కొండ ఎక్కుతాడు. పిల్ల చూస్తుంది, చేతిలో జాడీ జారి పగిలిపోతుంది, అది చూసుకోకుండా పరుగెత్తుతుంది. జడ గాలిలో తేలుతుంది. రెండు నెలలుగా నేను ఆ జడను చూస్తూనే ఉన్నాను. అది నాన్న వచ్చాడని లేచిన జడ అని తెలియలేదు.

గుడ్డంతా అప్పటికే అవతలి కర్రకు చుట్టుకుని ఉంది. చేయాల్సిందల్లా పిడిని వెనక్కి తిప్పడమే. తిప్పాను. ఈసారి ఉపన్యాసం లేదు.

ఎవరూ నవ్వలేదు. దీపం దగ్గర అన్నం తినే బొమ్మ వచ్చి ఆగింది. అప్పుడు ఈరమ్మ అంది: "మల్లా తిప్పప్పా."

మళ్లీ తిప్పాను. నాలుగోసారికి పిడి నాగి చేతికి పోయింది. జాడీ పగిలేచోట ఆ పిల్ల ఆగేది, కాస్త వెనక్కి తిప్పి మళ్లీ పగలగొట్టేది. రైలు వచ్చింది. ముఠా లేచింది. మేస్త్రీ కేక వేశాడు. "ఆ కొండెక్కేది ఒక్క తూరి" అంది ఈరమ్మ, మూట నెత్తిన పెట్టుకుని, కళ్లు పెట్టెలోనే ఉంచి. తర్వాత ఆమె పిల్లను లాగింది, పిల్ల పిడిని వదల్లేదు, పిడి ఊడి వచ్చింది, ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. లేచేసరికి ఆఖరి డబ్బా కూడా ప్లాట్‌ఫారం దాటిపోయింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక క్షణం నాకు సంతోషమైంది. ఒక్క మనిషిని ఆపాను కదా.

ఈరమ్మ పట్టాల వైపు చూస్తూ నిలబడింది. "ఇంగ మేస్త్రీ యాడ దొరుకుతాడు? నాగి నాయన్ను ఎవరితో పోయి ఎతకల్ల?" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఖాదర్ సాయిబే దారి చూపించాడు. ఆ ముఠా రాయచూరులో ఒక దినం ఆగుతుందట. మరుసటి రోజు కోసిగి నుంచి ఇంకో ముఠా పోతుందట. తల్లీ పిల్లా ఆ రాత్రి సాయిబు ఇంట్లోనే ఉన్నారు.

ఆదివారం ఆ రెండో మేస్త్రీ ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "దయచేసి వీళ్లను రైలెక్కించుకోండి. రాయచూరులో వాళ్ల ముఠాకు అప్పజెప్పండి."

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "నిన్న ఎవరినీ పోవద్దని లెక్చరు ఇచ్చింది నువ్వే గదా?"

"నేనే."

"ఎక్కమను" అన్నాడు.

దీపం దగ్గర తండ్రీ కూతురూ ఉన్న ఆ పేజీని పుస్తకంలోంచి జాగ్రత్తగా చింపి నాగికి ఇచ్చాను. ఈరమ్మ అది తీసుకుని చూసింది.

"నీ పెట్టెలో ఆయప్ప శానా బిరీన వచ్చేసినాడప్పా" అంది. "మా నాగి నాయన గూడా అట్ల వచ్చేదుంటే, చేతులు పడిపోయేదాంకా నేనే తిప్పుతా ఉంటి."

ఓబులేసు ఈ కథ విన్న దగ్గరనుంచి నన్ను 'ఎనక రైలు' అనే పిలుస్తున్నాడు. మీరూ ఎదురుగానే పిలవండి, పలుకుతాను. ఒక్క మాట మాత్రం వాడికి కూడా చెప్పలేదు. ఆదివారం బండి కదిలినప్పుడు ఊడిన పిడి నా జేబులో, ఆ ఏడు పేజీల ఉత్తరం పక్కన ఉంది. నాగి కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. చరిత్ర చక్రం గురించి అంత అరిచినవాణ్ని, జేబులో చెయ్యి పెట్టి ఆ పిడిని వెనక్కి తిప్పుతూ నిలబడ్డాను. బండి కనుమరుగయ్యేదాకా తిప్పాను. పొగ మాత్రం వెనక్కే వస్తూ ఉంది.