వాళ్ళమ్మ చెప్పిన నాలుగో పుస్తకం

మా బిడ్డ అమ్మణ్ణి తిరుపతిలో ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు నేను దయ్యాల బొమ్మల పుస్తకాలు చదవడం నేర్చుకున్నాను. జపాను వాళ్ళ కథలు. వాటిని మాంగా అంటారని బిడ్డే చెప్పింది. మద్రాసులో చదివే దాని స్నేహితురాలు, ఇంగ్లీషులోకి మార్చిన ఒక కథలో మొదటి నాలుగు పుస్తకాలు తెచ్చి తలగడ పక్కన పెట్టి పోయింది. జబ్బు రక్తంలో ఉంది. సూదులున్న చేతులతో బిడ్డ పుస్తకం పట్టుకోలేకపోయేది, కాసేపు చూస్తే కళ్ళు తిరిగేవి. చదివే పని నా మీద పడింది.

నగరిలో మరమగ్గాల మీద బతికేవాణ్ణి. ఇంటర్ నాటి ఇంగ్లీషు ఎప్పుడో తుప్పు పట్టింది. మొదటి పుస్తకాన్ని మన పుస్తకం లాగే తెరిచాను.

"అట్ల కాదు నాయనా. అవతలి పక్క నుంచి. మనకు కడాపేజీ వాళ్ళకు మొదటిది."

"కుడి నుంచి ఎడమకా? ఇదేం సదువమ్మా?"

"మగ్గం మీద నాడె రెండు పక్కలకూ పోదా? అట్లే అనుకో."

కథ ఒక కొండ ఊరిది. పొద్దు గూకే వేళ ఒక పాత బస్సు పైకి పోతుంది. అందులో ఎక్కేవాళ్ళంతా చనిపోయినవాళ్ళే. కండక్టరు మాత్రం బతికున్న పిల్ల, మా అమ్మణ్ణి ఈడుది. తాము చనిపోయామని ఒప్పుకున్నవాళ్ళకే ఆమె టికెట్ ఇవ్వగలదు. ఒప్పుకోనివాళ్ళ పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడుతుంది. నేను ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, తెలిసినంత మన మాటల్లో చెప్పేవాణ్ణి. తెలియని చోట కల్పిస్తే బిడ్డ పట్టేసేది.

పక్క మంచం అవ్వ రోజూ వినేది. "ఆస్పత్రిలో దయ్యాల కథలేందప్పా?" అని ఒకసారి కసిరింది.

"మంచి దయ్యాలే అవ్వా. టికెట్ తీసుకొనే ఎక్కుతాయి" అంది బిడ్డ.

"మా ఊరి బస్సులో బతికినోళ్ళే తీసుకోరు గదే!"

మూడో పుస్తకం కడాన, వానలో ఒక స్టాపు దగ్గర ఒక పిల్లవాడు చెయ్యెత్తి బస్సును ఆపుతాడు. బడి బట్టలు తడిసి ఒంటికి అంటుకుని ఉంటాయి. వాడు కండక్టరు పిల్ల తమ్ముడు.

"నాలుగోది తియ్యి నాయనా" అంది బిడ్డ.

నేను తీయలేదు. ఆ పొద్దున వరండాలో డాక్టరు నన్నొక్కణ్ణే పిలిచి, "ఈ రెండు మూడు రోజులు బిడ్డ దగ్గరే ఉండండి" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. తెలిసే, తెలియనట్టు తల ఊపి వచ్చాను. ఇప్పుడు ఆ అక్క తమ్ముడికి టికెట్ ఎలా ఇచ్చిందో బిడ్డ ముందు కూర్చుని నేను చదవాలి. నా వల్ల కాదనిపించింది.

"రేపు కొండకు పోతానమ్మా. సామికి గుండు మొక్కుకున్నా."

"కొండ యాడికీ పోదు గదా నాయనా. సదివేసి పో."

"మీ అమ్మ ఉంటాది గదా. వచ్చి సదువుతా."

మొక్కు అబద్ధం కాదు. కానీ నన్ను నడిపించింది మొక్కు కాదు, పిరికితనం. దేవుడి పేరు చెబితే ఎవరూ ఆపరని తెలుసు.

అలిపిరి నుంచి మెట్లెక్కాను. కళ్యాణకట్టలో గుండు చేయించుకున్నాను. సెల్‌ఫోను డిపాజిట్ కౌంటరులో ఇచ్చి క్యూలోకి పోయాను. ఆ రోజు జనం ఎక్కువ, కంపార్టుమెంటులోనే తెల్లవారింది. నిజం చెప్పాలంటే ఆ చోటు నాకు హాయిగా ఉండింది. నన్ను ఎవరూ పిలవలేని చోటు అది. దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని ఫోను చేతికి తీసుకుంటే, నిండా మా బావమరిది చేసిన కాల్సే.

కిందికి దిగే బస్సులో కండక్టరు టికెట్ చించి ఇచ్చాడు. కొండ కింద దిగేదాకా దాన్ని గుప్పిట్లోనే నలిపాను.

నేను చేరేసరికి బిడ్డను నగరి ఇంటికి తెచ్చేశారు. వాకిట్లో జనం నా గుండు చూసి దారి ఇచ్చారు. మా పెదనాయన నన్ను కావలించుకుని, "బిడ్డ బతకాలని కొండకు పోయి తీయించుకొని వచ్చినావా అబ్బా" అని ఏడ్చాడు. కాదని చెప్పలేదు. తల ఊపాను. వరండాలో డాక్టరు ముందు ఊపినట్టే.

మా ఆవిడ నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. డాక్టరు చెప్పింది ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు, ఆమె ఆ నాలుగో పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు కొండకు పోయిన దినం నన్ను సెప్పమన్నాది. నాకు ఇంగ్లీషు యాడ వచ్చు? బొమ్మలు సూసి సెప్పినా."

మన పుస్తకం తెరిచినట్టే ఎడమ నుంచి తెరిచి, వేలితో చూపిస్తూ మళ్ళీ చెప్పింది. "మంచులోంచి పిల్లోడు వస్తాడు. బస్సెక్కుతాడు. వాళ్ళక్క ఏడుస్తా వాని చేతిలో టికెట్ ఎనక్కి తీసేసుకుంటాది. బస్సు కొండ దిగుతాది. వాన నిలిచిపోతాది. కడాన వాళ్ళమ్మ వంటింట్లో ఉంటే వాడు వాకిట్లో నిలబడుకుంటాడు."

నన్ను మొదటి పేజీ కూడా తిప్పనివ్వకుండా సరిచేసిన బిడ్డ అది, వాళ్ళమ్మను మాత్రం సరిచేయలేదు.

"పాప ఏమన్నాది?"

"నవ్వినాది. బాగుండాది మా, మళ్ళీ సెప్పు అన్నాది. రెండోసారి సెప్తా ఉంటే కండ్లు మూసుకున్నాది. ఇంక తెరవలే." పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. "నేను సెప్పింది సరేనా? సదివినోడివి, సూసి సెప్పు."

అలవాటుగా అవతలి వైపుకు తిప్పబోయి ఆగాను. ఆమె తెరిచిన వైపు నుంచే, ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, గట్టిగా చదివాను. మంచులోంచి వచ్చాడు, బస్సెక్కాడు, కొండ దిగాడు. మనకు ఆఖరిది, వాళ్ళకు మొదటిది అయిన పేజీలో, వాకిట్లో నిలబడిన పిల్లవాడి నోటి పక్కన ఇంగ్లీషులో ఉంది, పోయొస్తానమ్మా అని.

"వచ్చేసినానమ్మా అంటా ఉండాడు" అని చదివాను.

"అదే నేనూ సెప్పింది" అంది మా ఆవిడ.