నీళ్లమ్మ కాళ్ల మీద

సైబర్‌జయలో మా పదో అంతస్తు ఫ్లాట్‌లో పాపకు సాంబ్రాణి వెయ్యడమంటే చిన్న యుద్ధం. కొబ్బరిచిప్ప బొగ్గుల మీద చిటికెడు పడగానే పైకప్పులోని పొగ అలారం కెవ్వుమంటుంది, దానికి పోటీగా పాప కెవ్వుమంటుంది, కింద నుంచి గార్డు ఇంటర్‌కమ్‌లో "అంతా ఓకేనా లా?" అంటాడు, ఈ దేశంలో అందరూ మాట చివర తగిలించే 'లా'తో. అయినా మానను. ఆ పొగలోంచి, మా తాతలు సముద్రం దాటి కూలికొచ్చిన, నేను పుట్టి పెరిగిన సుంగై సుమున్ కొబ్బరితోట వచ్చి నా పక్కన కూర్చుంటుంది.

తోటలో మాది పనివాళ్ల వరస ఇళ్లలో నాలుగోది. వానాకాలంలో రేకుల కప్పు మీద చినుకుల మోతకి రేడియో కూడా ఓడిపోయేది. ఎండాకాలంలో కొబ్బరి ఎండబెట్టే బట్టీ నుంచి తియ్యటి, మసకటి కమురువాసన వచ్చి మా జుట్టుకీ చదువుకీ సమానంగా పట్టేది. ఉగాదికి మామ్మ వేపపువ్వు దొరక్క వేపాకు చిగుళ్లే నలిపి పచ్చట్లో వేస్తే, మేం ముక్కు మూసుకుని మింగి, నాలుక చేదు పోయేదాకా కొబ్బరి మట్టలమీద కూర్చుని ఒకరినొకరు ఈడ్చుకుంటూ మట్టిదారి వెంట తిరిగేవాళ్లం.

అమ్మలంతా తెల్లారకుండానే పనికి పోయేవాళ్లు. అందుకే మా వరసలో ఒక పద్ధతి ఉండేది. బిడ్డ పుట్టగానే మామ్మ ఒక 'నీళ్లమ్మ'ను నిలబెట్టేది. ఆమె కన్నతల్లి కాకూడదు. కాళ్లు చాపుకుని బిడ్డను వాటిమీద పడుకోబెట్టి మొదటి నీళ్లు పోసిందంటే, ఆ బిడ్డ మీద ఆమెకు సగం హక్కు. తిట్టొచ్చు, ఒకటి వెయ్యొచ్చు. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ ఆమె ఒళ్లోనే కూర్చోవాలి. నా నీళ్లమ్మ పక్కింటి సూరమ్మ. నేను స్నానానికి ఎగనామం పెట్టి పారిపోతే, "ఒసే, కన్నది మీ యమ్మైతే కడిగింది నేను, రా ఇలాగ!" అని వీధంతా తరిమేది. నన్ను ఇద్దరమ్మలు పెంచారని నేనెప్పుడూ వింతపడలేదు. ఇద్దరు కొట్టడమే కొంచెం ఎక్కువనిపించేది.

పెద్దయి ఉద్యోగంలో చేరాక నా జీవితంలోకి మలర్ వచ్చింది. తమిళమ్మాయి, నాలాగే సాఫ్ట్‌వేర్. మాకో బిడ్డ కావాలనుకున్నాం. పిల్లలకోసం చేసే వైద్యం ఇక్కడ పెళ్లయిన ఆలుమగలకే. మాకా తలుపు లేదు. ఉద్యోగాలు చూసుకుని మెల్‌బోర్న్ వెళ్లాం. అండం మలర్‌ది, మోసింది నేను. పాపకు ముక్కు ఆమెది వచ్చింది, ముక్కు మీది కోపం నాది. ఆసుపత్రిలో కాగితాలు నింపుతున్న ఆవిడ, కాఫీలో చక్కెర ఎంత అన్నంత మామూలుగా, "ఇద్దరమ్మల్లో ఎవరి పేరు ముందు రాయను?" అంది. మేమిద్దరం ఒకరినొకరు చూపించుకున్నాం.

తిరిగొచ్చాక కథ వేరు. ఇక్కడి చట్టానికి అమ్మ ఒక్కతే. పాపకు జ్వరమొస్తే ఆసుపత్రివాళ్లకి మలర్ ఎవరు? అక్కా, ఆయానా? చట్టం సంగతి సరే, మా ఇల్లయినా ఆమెను అమ్మ అంటుందా అన్నదే నా గుబులు.

మూడునెలల పాపతో సుంగై సుమున్ వెళ్లాం. మామ్మా అమ్మా ఇప్పుడు రోడ్డు పక్క సిమెంటు ఇంట్లో ఉంటున్నారు గానీ, పెరట్లో కొబ్బరిపీచు పొయ్యి మాత్రం మామ్మ వదల్లేదు. పాపకు ఇంకా నీళ్లమ్మ లేదు గనక మామ్మ లెక్కలో ఇవే మొదటి నీళ్లు. అవి కాగాయి. అమ్మ చీర ఎగదోపుకుని పీట మీద కూర్చోబోయింది.

"నువ్వు లెగే," అంది మామ్మ. "ఆ మలరుని కూకోమను."

"ఊల్లో ఏటనుకుంటారు అత్తా?"

"ఊరొచ్చి నీల్లు కాసిందేటి? మోసినమ్మ పొయ్యకూడదు, రెండో అమ్మ పొయ్యాల. రెండో అమ్మ ఇంట్లోనే ఉంటే పొరుగింటికెల్తామేటి!"

మలర్‌కి తెలుగు అర్థమవుతుంది. వచ్చి పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. నీళ్ల వేడి చూడ్డానికి బ్యాగులోంచి థర్మామీటరు తీసింది.

"జొరం నీల్లకి కాదు లా," అని మామ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని చట్టిలో ముంచింది. నూనె రాసిన పాప చేపలా జారి, మలర్ ఒళ్లోనే తన తీర్థం తాను ఇచ్చింది. మామ్మ పడీపడీ నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికెళ్లి తుండుగుడ్డ తెచ్చి మలర్ భుజం మీద వేసి, "గట్టిగా పట్టుకోమ్మా, జారిపోద్ది మీ పాప," అంది.

చట్టం ఇవ్వనిది నీళ్లచట్టి ఇచ్చింది.

పోయిన నెల చెవులు కుట్టించాం. "అమ్మ ఎవరు? పట్టుకోండి," అన్నాడు కంసాలి. "ఇద్దరూనూ. పట్టుకునేది ఈ యమ్మ," అంది మామ్మ, పాపను మలర్ ఒళ్లో పెడుతూ. అమ్మ తల ఊపింది.

ఆ వరస ఇళ్లు ఇప్పుడు లేవు, బట్టీ లేదు, సూరమ్మ లేదు. నీళ్లమ్మ అనే మాట తెలిసినవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. నేను సాంబ్రాణికి బొగ్గులు రాజేస్తుంటే పైన అలారం మళ్లీ మొదలైంది. "అంతా ఓకేనా లా?" అన్నాడు గార్డు. స్నానాలగదిలోంచి మలర్, పాపను కాళ్ల మీద వేసుకుని, అచ్చం మామ్మ యాసలో అరిచింది:

"ఓకే లా! నా కూతురికి నీల్లు పోత్తన్నాను!"