విడవలూరు దారిలో ఒరుసుకున్న ఎడమ చక్రం

మా ట్రైనింగు స్కూలు హాస్టల్లో స్నేహితురాళ్లు కొందరు ఈ వేసవిలో మా ఊరి సముద్రం చూడటానికి వస్తామన్నారు. వాళ్ల కోసం దారి వివరాలు రాద్దామని కూర్చున్నాను. నెల్లూరులో పొద్దున ఏడింటి బస్సెక్కితే పెన్న దాటి, కోవూరు మీదుగా గంటన్నరలో విడవలూరు చేరుస్తుంది. టిక్కెట్టు రూపాయి లోపే. అక్కడి నుంచి మా ఊరికి ఐదు మైళ్లు. ఆ దారిలో బస్సు లేదు. పొద్దున చేపల గంపలతో విడవలూరు వచ్చిన ఎద్దుల బండ్లు పదకొండు ప్రాంతంలో ఖాళీగా తిరిగి వెళతాయి. పావలా ఇస్తే ఎక్కించుకుంటారు. మా నాయనది కూడా అలాంటి బండే. పోయిన సెలవుల చివర, హాస్టలుకు తిరిగి రావడానికి ఆ బండి మీద చేసిన ప్రయాణం గురించి చెప్పకుండా ఈ దారి గురించి రాయలేకపోతున్నాను.

మా ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేను. అందుకని నాయన నా మాటను అచ్చులో పడ్డ మాటలా నమ్ముతాడు. ఆ సెలవుల్లో నేను పోరి, బండికున్న ఎత్తయిన కొయ్య చక్రాలు తీయించి పాత కారు ఇరుసు, బరువుకు వంగి లేచే కమాను పట్టీలు, రబ్బరు టైర్లు వేయించాను. కమాన్లకూ బండి బల్లకూ నడుమ వడ్రంగి కొయ్య దిమ్మెలు పెట్టబోతే వద్దన్నాను. బండి కిందికి ఉంటే ఆడవాళ్లకు గంపలెత్తడం సుళువని చెప్పాను. చక్రాలు వెడల్పయినవి కావడంతో టైరు సగం బల్ల కిందికి వచ్చింది. ఖాళీ బండి దగ్గర కూర్చుని, టైరుకూ బల్లకూ మధ్య నాలుగు వేళ్లు దూర్చి చూపించాను.

"గంపలెక్కించి చూద్దామా పాపా?" అన్నాడు నాయన.

"అక్కర్లేదు నాయనా, సరిగ్గానే ఉంది," అన్నాను.

మర్నాడు ఆరున్నరకు బయలుదేరాము. ఎనిమిది గంపలు, నలుగురు ఆడవాళ్లు, నా పెట్టె. విడవలూరు వెళ్లేటప్పుడు కాలువ మనకు కుడివైపు వస్తుంది. రైతుల ఊళ్లు తాగేది ఆ నీళ్లే. చేపల నీచు అందులో పడకూడదని నిండు గంపలన్నీ ఎడమవైపే పెట్టడం మా వాళ్ల కట్టుబాటు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ కొలత పెట్టిన రోజు నాకు గుర్తు రాలేదు.

మొదటి మైలు ఇసుకదారిలో బండి మెత్తగా సాగింది. "పడవలో కూచున్నట్టుండాదే!" అంది పోలమ్మత్త. మా ఊరి చేపల బేరాలకు ఆమే పెద్ద. నేను గర్వంగా నవ్వాను. కంకర రోడ్డెక్కగానే రబ్బరు మాడిన వాసన వచ్చింది. ఎద్దులు రొప్పసాగాయి. నాయన దిగి చూశాడు. ఎడమవైపు కమాన్లు బరువుకు అణిగి, బల్ల అంచు టైరు మీద కూర్చుంది. టైరు మీద వేలు పట్టేంత గాడి పడింది.

"సగం గంపలు కుడివైపు మారుద్దాము," అన్నాను.

పోలమ్మత్త నన్ను ఎగాదిగా చూసింది. "కాలవలో నీచు పడితే రేపు ఈ దోవన మనల్ని రానిస్తారా? ఏం సదివినావు మ్మే నువ్వు?"

అందరం దిగి నడిచాము. కాలువ వంతెన దగ్గర ఎద్దులకు లాడాలు కొట్టే మస్తాన్ మామ కొట్టం ఉంది. ఆయన బండి కిందికి దూరి చూసి బయటికి వచ్చాడు.

"దిమ్మెల్లేకుండా కమాన్ల మీద బల్ల పెట్టినారే! ఎవురు కొలిసినారు ఇది?"

"నేనే," అన్నాడు నాయన.

నేను గంపల వైపు తిరిగాను.

"ముప్పై ఏండ్లు బండి తోలినోడివి! కండ్లు పోయినాయా?" అని మస్తాన్ మామ నవ్వాడు. ఆడవాళ్లూ నవ్వారు. పోలమ్మత్త మాత్రం నవ్వలేదు. "రేపట్నించి వేరే బండి చూసుకుంటాం అన్నా. చేపలు ఎండలో పెట్టుకోని కూచోలేం గదా," అంది. ఊళ్లో ఆమె ఏ బండెక్కితే మిగతావాళ్లూ అదే ఎక్కుతారు. నాయన తల ఊపి, తాటిమొద్దు కోయడానికి రంపం అందుకున్నాడు. నేను గంపల మీద తడి గోనె కప్పుతూ ఉండిపోయాను. దిమ్మెలు కోసి, బండిని గునపాలతో ఎత్తి బిగించేసరికి గంటన్నర పట్టింది.

విడవలూరు చేరేటప్పటికి బజారు పలచబడింది. మెత్తబడిన చేపలను పోలమ్మత్త కొనేవాళ్లు అడిగినంతకే ఇచ్చేసింది. నా బస్సు నిలబడి ఉంది. పెట్టె పైకి వేయబోయి ఆగి, ఆమె దగ్గరికి వెళ్లాను.

"అత్తా, కొలిచింది నేను. దిమ్మెలు వద్దన్నదీ నేనే. నాయన తప్పేమీ లేదు."

ఆమె ఖాళీ గంప దులుపుతూ, "ఈడ నా చెవిలో చెప్తే ఏం లాభం? మీ నాయన పరువు పోయింది ఆ కొట్టంలో గదా," అంది.

బస్సు వెళ్లిపోయింది. నేను బండిలోనే వెనక్కి వచ్చాను. వంతెన దగ్గర ఆపమంటే నాయన, "ఇప్పుడెందుకు పాపా, అయిపోయిందిలే," అన్నాడు. అయినా దిగాను. కొట్టంలో ఎద్దులు తెచ్చిన రైతులు ముగ్గురున్నారు. కొలిచింది నేనని వాళ్లందరి ముందూ చెప్పాను.

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడు మస్తాన్ మామ. మళ్లీ చెప్పాను. ఆయన సుత్తి పక్కన పెట్టి నాయన వైపు తిరిగాడు. "పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటా ఉండా," అన్నాడు. నాయన ఎద్దుల మెడలు నిమురుతూ అటు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు పోలమ్మత్త మా బండి దగ్గరికి వచ్చింది. గంపలన్నీ ఎడమవైపు ఎక్కించి, టైరు మీద చెయ్యి పెట్టి చూసింది. "మూడు వేళ్లు దూరతా ఉండాయి. ఎక్కండే," అంది మిగతావాళ్లతో.

గంపలెత్తడం సుళువని నాయనకు చెప్పింది సగమే నిజం. ఒకసారి నాయన నా కోసం బియ్యం మూట తెచ్చి, ఆ ఎత్తు బండిని కిర్రుకిర్రుమంటూ హాస్టలు గేటు ముందు ఆపాడు. ఎవరని మీరు అడిగితే, మా ఊరి బండివాడని చెప్పాను. ఆ బండి అలా కనబడకూడదు, వినబడకూడదనే చక్రాలు మార్పించాను. మీతో అబద్ధం ఆడినందుకు పడే సిగ్గు కన్నా, ఆ కొట్టంలో ఆయన "నేనే" అన్నప్పుడు ఊరుకున్నందుకు పడే సిగ్గు పెద్దది. మీరు వచ్చినప్పుడు విడవలూరులో టైర్ల బండితో ఎదురుచూసే మనిషి మా నాయన. ఒక్క జాగ్రత్త చెబుతాను: మీ ఇళ్లలో ఎవరైనా బండికి రబ్బరు చక్రాలు వేయిస్తుంటే, నిండు బరువు ఎక్కించి, ఎక్కువ బరువు పడే వైపున కొలవమని చెప్పండి.